బంటు ఇచ్చి వంతు కొనుక్కోవడం

ఆదివారం ఉదయం మా ఇంటి అరుగు మీద నాలుగు చదరంగం బల్లలు పరుస్తాను. పాలకొల్లు చుట్టుపక్కల నుంచి పదిమంది దాకా పిల్లలు వస్తారు. కొందరిని తండ్రులు బండి మీద దింపి పోతారు, కొందరు కాలువ గట్టు వెంబడి నడిచే వస్తారు. నెల రోజుల క్రితం వారిలో ఒకడు, ఎనిమిదో తరగతి చదువుతున్న కుర్రవాడు, తనకన్నా పెద్దవాణ్ణి ఎనిమిదే ఎనిమిది ఎత్తుల్లో కట్టేసి, బల్ల మీది నుంచి చెయ్యి తీయకుండానే నా వైపు చూశాడు. "గాంబిట్ అండి మాస్టారూ" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఫోన్లో చూశానన్నాడు.

వాడు ఆడినది ఎంగ్లుండ్ గాంబిట్. అది దేశం పేరు కాదు, ఒక స్వీడన్ ఆటగాడి పేరు. గాంబిట్ అంటే ఆట మొదట్లోనే కావాలని బంటును ఇచ్చి ఆడే ఆరంభం. బల్ల మీద నిలువు వరసలకు ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకు తెల్లవైపు నుంచి ఒకటి మొదలు ఎనిమిది దాకా అంకెలు; డి4 లాంటివి ఆ లెక్కన గళ్ళ పేర్లు. తెల్లవాడు డి4 అని బంటును రెండు గళ్ళు నడిపితే, నల్లవాడు ఇ5 అని తన బంటును నేరుగా దాని నోటికి అందిస్తాడు. తెల్లవాడు తింటాడు. నల్ల గుర్రం సి6కు, తెల్ల గుర్రం ఎఫ్3కి, నల్ల మంత్రి ఇ7కు వస్తాయి. తిన్న బంటును నిలుపుకోవడానికి తెల్ల శకటు (బిషప్) ఎఫ్4లో కూర్చుంటుంది. అప్పుడు నల్ల మంత్రి బి4లో దిగి, చెక్ చెబుతూనే, ఒక పక్క ఆ శకటు మీదా మరో పక్క బి2 బంటు మీదా కన్ను వేస్తుంది. శకటు డి2కు తగ్గుతుంది, మంత్రి బి2 బంటును తింటుంది, మూలనున్న ఏనుగు పోతుందేమోనన్న కంగారులో తెల్లవాడు శకటును సి3లో పెడతాడు. అక్కడితో ఆట ముగిసినట్టే. నల్ల శకటు బి4కు వచ్చి దాన్ని రాజు ముందు కట్టిపడేస్తుంది, తెల్ల మంత్రి డి2కు వస్తుంది, శకట్లు రెండూ పోతాయి, తెల్ల మంత్రి సి3లో తిన్న మరుక్షణం నల్ల మంత్రి సి1లో దిగుతుంది. ఆట కట్టు.

నేను బల్లను ఆరో ఎత్తుకు తిప్పి, శకటు బదులు గుర్రాన్ని సి3లో పెట్టి, ఇప్పుడేం చేస్తావని అడిగాను. కుర్రవాడు చాలాసేపు చూశాడు. తెల్లవైపు రెండు గుర్రాలూ ఒక శకటూ బయటికి వచ్చి ఉన్నాయి. నల్లవైపు ఒక గుర్రం, శత్రువు పెరట్లో ఒంటరిగా చిక్కిన మంత్రి మాత్రమే కదిలాయి. తరువాతి ఎత్తులో తెల్ల ఏనుగు బి1కి వస్తే ఆ మంత్రి మళ్ళీ పరుగెత్తాలి. "ఫోన్లో ఇది చూపించలేదండి" అన్నాడు వాడు.

చూపించరు. నా ఫిర్యాదు అదే, ఈ వ్యాసమూ అందుకే. పిల్లలకు గాంబిట్‌ను వలగా నేర్పుతున్నారు. ఎదుటివాడు తప్పు చేస్తేనే ఫలించేది వల. ఎదుటివాడు సరిగ్గా ఆడినా ఎంతో కొంత ఫలితం మిగిల్చేది గాంబిట్. బంటును ఎర వేస్తున్నామని అనుకున్నంత కాలం ఆ మిగిలేదేమిటో కంటికి కనిపించదు. మనం బంటు ఇచ్చి కొంటున్నది ఎదుటివాడి తప్పును కాదు, అతని వంతును.

వంతు అనే మాట మా డెల్టాలో ఊరికే పుట్టలేదు. సార్వాకు, అంటే వానాకాలపు పంటకు, గోదావరి నిండుగా ఉంటుంది కనుక ఎవరూ లెక్కలు అడగరు. దాళ్వా, అంటే రెండో పంట, నాటికి నది సన్నబడుతుంది, సీలేరు నుంచి వచ్చే నీటి కోసం ఎదురుచూపులు మొదలవుతాయి, కాలువలకు వంతులవారీగా నీళ్ళు వదులుతారు. వంతు వచ్చిన రాత్రి పంటబోదె పూడి ఉంటే, లేదా గట్టు గండి పడి ఉంటే, నీళ్ళు మన చేను ముందు నుంచే పక్క ఊరికి పోతాయి. మళ్ళీ వంతు వచ్చేదాకా చేను బీటలు వారవలసిందే. నిన్నటి నీళ్ళు ఇవాళ ఇమ్మని ఎవరినీ అడగలేము. శివారు రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

చదరంగంలో ఒక్కొక్క ఎత్తు ఒక్కొక్క వంతు. ఇంగ్లీషు పుస్తకాలు టెంపో అని పిలిచేది దీన్నే. ఆట మొదట్లో ఇరువైపులా చేయవలసిన పని సుమారుగా ఒకటే: నడిమి గళ్ళలో ఒకటో రెండో బంట్లను నిలపాలి, గుర్రాలనూ శకట్లనూ గూళ్ళ నుంచి బయటికి తేవాలి, రాజును కోట కట్టి ఒక పక్కకు చేర్చాలి, ఏనుగులకు దారి తీయాలి. దీనికి ఏడెనిమిది వంతులు పడతాయి. ఇదే డెవలప్‌మెంట్; నా మాటలో చెప్పాలంటే బోదె తవ్వి ఉంచుకోవడం. ఒక బంటు మూడు వంతులకు సమానమని పాత ఆటగాళ్ళు ఒక అంచనా వేసి పెట్టారు. అది తూకపురాయి కాదు గాని, లెక్క మొదలుపెట్టడానికి పనికివస్తుంది. బంటు ఇచ్చి ఒక్క వంతే తెచ్చుకున్నవాడు మోసపోయాడు. మూడు తెచ్చుకున్నవాడు, వాటిని వాడుకోవడం తెలిస్తే, లాభపడ్డాడు. ఆ చివరి షరతు దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

అసలు చిక్కు పేరులోనే ఉంది. కుస్తీలో కాలు అడ్డం పెట్టి పడదోయడాన్ని ఇటలీవారు గాంబెట్టో అంటారు. 1561లో స్పెయిన్ దేశపు మతగురువు రూయ్ లోపెజ్ తన చదరంగ గ్రంథంలో ఆ మాటను ఈ ఎత్తులకు వాడాడు, అదే స్థిరపడింది. కాలు అడ్డం పెట్టడమంటే మోసం, ఆకస్మికం, ఒక్క క్షణంలో తేలిపోయే వ్యవహారం. నాలుగున్నర శతాబ్దాల తరువాత ఫోన్లో వచ్చే అరనిమిషం వీడియోకు ఆ అర్థమే సరిగ్గా అతికింది. రూయ్ లోపెజ్ గారు కుస్తీ గోదా వైపు కాక కాలువ గట్టు వైపు చూసి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది, కానీ ఆయన గోదావరి జిల్లావాడు కాదు.

వంతుల లెక్క అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇవాన్స్ గాంబిట్‌లో. విలియం డేవిస్ ఇవాన్స్ అనే వేల్స్ దేశపు ఓడ కెప్టెన్ 1820ల్లో దీన్ని కనిపెట్టాడు. ఇరువైపులా రాజు ముందరి బంట్లు ఇ4లో, ఇ5లో నిలుస్తాయి, తెల్ల గుర్రం ఎఫ్3కి, నల్ల గుర్రం సి6కు వస్తాయి, తెల్ల శకటు సి4కు, నల్ల శకటు సి5కు చేరతాయి. ఇంతవరకూ ఇటాలియన్ ఆరంభం, మర్యాదగా సాగే ఆట. నాలుగో ఎత్తులో తెల్లవాడు హఠాత్తుగా బి4 అంటాడు. నల్ల శకటు ఆ బంటును తింటే, తెల్లవాడు సి3 అని దాన్ని అదిలిస్తాడు, ఆ శకటు ఎక్కడికో తప్పుకోవాలి, ఆ వెంటనే డి4 అని నడిమి గళ్ళను ఆక్రమించవచ్చు.

పైపైన చూస్తే ఈ బేరం గిట్టుబాటుగా కనిపించదు. బి4, సి3 అని తెల్లవాడూ రెండు వంతులు ఖర్చు పెట్టాడు. తినడానికొకటి, తప్పుకోవడానికొకటి నల్లవాడూ రెండు ఖర్చు పెట్టాడు. మరి బంటు దేనికి పోయినట్టు? ఈ ప్రశ్న వేసుకున్న పిల్లవాడే గాంబిట్ దగ్గరికి నిజంగా వచ్చినట్టు లెక్క. జవాబు వంతుల సంఖ్యలో లేదు, వాటి నాణ్యంలో ఉంది. సి3 ఎత్తు డి4కు వెన్నుదన్నుగా ఎలాగూ కావలసిందే; ఇక్కడ అది శకటును అదిలించే పనితో పాటు అయిపోయింది, అంటే ఒక రకంగా ఉచితంగా వచ్చింది. నల్లవాడి రెండు వంతులూ అప్పటికే బయటికి వచ్చి ఉన్న శకటును అటూ ఇటూ తిప్పడానికి పోయాయి. ఆయన బలగం ఒక్క అడుగు కూడా ముందుకు పడలేదు. వీటితో పాటు దారులు తెరుచుకున్నాయి. తెల్ల మంత్రి బి3కి వస్తే, సి4లో ఉన్న శకటుతో కలిసి నల్లరాజు పక్కనున్న ఎఫ్7 గడి మీద ఒత్తిడి పెంచుతుంది. ఇన్నాళ్ళూ తలుపు మూసి ఉన్న మరో శకటు ఎ3లో కూర్చుంటే, నల్లరాజు కోట కట్టుకోవలసిన దారికే అడ్డం పడుతుంది.

1852లో బెర్లిన్‌లో ఆండర్సన్, డుఫ్రెస్నే మీద ఆడిన ఆట ఈ గాంబిట్‌తోనే మొదలై, చివరికి మంత్రిని కూడా ఇచ్చేసి కట్టిన ఆటగా నిలిచిపోయింది. దాన్ని ఎవర్‌గ్రీన్ గేమ్ అంటారు. మా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినదీ ఆ 1852లోనే. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు, కానీ పిల్లలకు సంవత్సరం గుర్తుండడానికి నేను ఈ జత చెబుతూ ఉంటాను. ఆ తరువాత ఇవాన్స్ గాంబిట్ పాతబడిపోయిందని పెద్ద ఆటగాళ్ళు పక్కన పెట్టారు. 1995లో రీగా పోటీలో కాస్పరోవ్ దాన్ని అటక మీది నుంచి దింపి మన ఆనంద్ మీద ప్రయోగించి 25 ఎత్తుల్లో గెలిచాడు. ఆనంద్ ఏ వలలోనూ పడలేదు. శకటును జాగ్రత్తగా ఇ7కు తగ్గించాడు. అయినా వంతులు చాలలేదు. అదే ఏడాది న్యూయార్క్‌లో కాస్పరోవ్‌తో ప్రపంచ టైటిల్ కోసం తలపడిన మనిషి ఆయన. అటువంటివాడినే వల లేకుండా ఇబ్బంది పెట్టగలిగిన ఆరంభాన్ని కుర్రకారు చిట్కాల జాబితాలో వేయడం అన్యాయం.

ఇచ్చేవాడి సంగతి చెప్పాను. పుచ్చుకునేవాడి సంగతి నేను ఒళ్ళు కాల్చుకుని నేర్చుకున్నాను. డిగ్రీ చదివే రోజుల్లో నరసాపురంలో ఒక చిన్న పోటీకి వెళ్ళాను. రెండో ఆటలో నాకు ఎదురుగా కూర్చున్న పెద్దాయన అవతలి ఒడ్డు నుంచి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వచ్చారు. భుజం మీద కండువా, జేబులో మడత పెట్టిన పంటు టిక్కెట్టు. తెల్లపావులు ఆయనవి. ఇ4 అన్నారు, నేను ఇ5 అన్నాను. డి4 అన్నారు, తిన్నాను. సి3 అన్నారు, దాన్నీ తిన్నాను. ఆయన శకటును సి4కు తెస్తే, ఎవరూ అడగకపోయినా బి2లోని మూడో బంటును కూడా తిన్నాను. ఆయన రెండో శకటుతో నా బంటును తీసివేశారు. డేనిష్ గాంబిట్ అని దానికొక పేరుందని అప్పటికి నాకు తెలియదు. రెండు బంట్లు లాభమని మాత్రం తెలుసు.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను శకటును బి4కు తెచ్చి చెక్ చెప్పాను, ఆయన గుర్రాన్ని సి3లో అడ్డం పెట్టారు. నేను గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చాను, ఆయన రెండో గుర్రాన్ని ఇ2కు తెచ్చారు. ఇ4లో ఇంకో బంటు కాపలా లేకుండా కనిపించింది, తిన్నాను. ఆయన తాపీగా కోట కట్టుకున్నారు. నేను సి3లో గుర్రాన్ని తిన్నాను, ఆయన గుర్రంతో తిన్నారు. నేను శకటుతో ఆ గుర్రాన్ని తిన్నాను, ఆయన శకటుతో తిన్నారు. ఇప్పుడు మూడు బంట్లు లాభం. ఇంక చేయవలసింది రాజును భద్రపరచుకోవడమే కదా అని కోట కట్టాను.

ఆయన మంత్రిని జి4లో పెట్టారు. జి7లో ఆట కట్టు బెదిరింపు. ఎఫ్7 బంటును ముందుకు తోసి సి3 శకటుకు అడ్డం వేద్దామంటే, సి4లోని శకటు దాన్ని నా రాజు ముందు కదలకుండా కట్టేసింది. మిగిలిన దారి ఒక్కటే, జి6 అని బంటును జరపడం. ఆయన మంత్రిని డి4కు జరిపారు. జి7, హెచ్8 రెండు గళ్ళూ నల్లగా నోళ్ళు తెరుచుకున్నాయి, పొడవాటి కర్ణం మీద ఆయన మంత్రీ శకటూ ఒకదాని వెనుక ఒకటి నిలిచి ఉన్నాయి. మంత్రిని అడ్డం వేసి ఒక ఎత్తు బతకవచ్చు, అంతకు మించి ఏమీ లేదు. నేను చెయ్యి చాపాను.

తరువాత ఆయన నాకు చూపించినది కోట కట్టడానికి ముందటి స్థితి. "మీరు తొమ్మిది ఎత్తులు వేశారు బాబూ. ఆ తొమ్మిదింటితో బయటికి తెచ్చినది ఏముందో చూపించండి" అన్నారు. చూశాను. రెండు ఏనుగులు, ఒక గుర్రం, ఒక శకటు, మంత్రి, రాజు: అన్నీ పెట్టెలోంచి తీసి పేర్చినప్పుడు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. నేను వేసిన తొమ్మిదింటిలో మొదటి నాలుగు ఎత్తులూ ఒకే బంటువి, మిగిలిన అయిదూ చివరికి బల్ల దిగిపోయిన ఒక గుర్రానివి, ఒక శకటువి. ఆయనవైపు రెండు శకట్లు నా రాజు మీదికి గురిపెట్టి ఉన్నాయి, కోట కట్టి ఉంది, మంత్రికి దారులన్నీ తెరిచి ఉన్నాయి. "నేను వడ్డించాను, మీరు తిన్నారు. మూడోది తిన్నాకైనా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టొద్దండీ?" అని నవ్వారు. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడిని మావైపు ఎలా కూర్చోబెట్టి తినిపిస్తారో తెలిసినవాళ్ళకు ఆ మాటలోని చురుకు అర్థమవుతుంది. అల్లుడు భోజనం ముగించి లేవలేని స్థితిలో ఉండగానే అసలు సంగతులు మాట్లాడతారు.

ఆ తరువాత ఆయనే బల్లను అయిదో ఎత్తుకు తిప్పి, నల్లవాడికి ఉన్న మందు చూపించారు. రెండు బంట్లు లాభంలో ఉండగా డి5 అని మరో బంటును తోసి ఇచ్చేయాలి. తెల్ల శకటు దాన్ని తింటుంది, నల్ల గుర్రం ఎఫ్6కు వస్తుంది. తెల్లవాడు తెలివిగా శకటుతో ఎఫ్7లో తిని చెక్ చెబుతాడు. నల్లరాజు శకటును తింటాడు, తెల్ల మంత్రి డి8లో నల్ల మంత్రిని తింటుంది, అప్పుడు నల్ల శకటు బి4లో చెక్ చెప్పి ఆ మంత్రిని తిరిగి రాబడుతుంది. లెక్క చూస్తే ఇరువైపులా అయిదేసి బంట్లు, మూడేసి చిన్న పావులు. మంత్రులు పోయాయి, దాడి పోయింది, ఆట సమంగా మొదటికి వచ్చింది. ఇది వియన్నా ఆటగాడు కార్ల్ ష్లెక్టర్ పేరుతో ఉన్న రక్షణ అని చాలా ఏళ్ళ తరువాత చదివాను.

గాంబిట్‌ను ఎదుర్కోవడంలో కీలకం ఇదే అయినా, దీన్ని పిల్లలకు నేర్పడం మహా కష్టం. చేతికి వచ్చిన బంటును తిరిగి ఇవ్వమంటే వాళ్ళకు ప్రాణం ఒప్పదు. ఇవాన్స్ గాంబిట్ మెరుపు తగ్గడానికి పెద్ద కారణం ఇమాన్యుయెల్ లాస్కర్ ఆ తిరిగి ఇచ్చే పనిని ఒక పద్ధతిగా చూపించడం. శకటును ఎ5కు తప్పించి, డి6 వేసి, తెల్లవాడు కోట కట్టగానే శకటును నెమ్మదిగా బి6కు తగ్గించాలి. కావాలంటే బంటును తీసుకోమని చెప్పినట్టన్నమాట. తెల్లవాడు తీసుకుంటే మంత్రులు మారిపోతాయి, అంటే ఒకదానికొకటిగా రెండూ బల్ల దిగుతాయి, దాడి చల్లబడుతుంది, బి బంటును పోగొట్టుకుని విడివిడిగా మిగిలిన తెల్ల బంట్లు ఆట చివరిలో బరువవుతాయి. తీసుకోకపోతే నల్లవాడికి బంటు మిగిలింది. బేరంలో ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

ఈ లెక్కను తిరగేసి చూపించడానికి నేను వాడే ఆట 1858 నాటి పారిస్ సంగీత నాటకశాలలోది. పాల్ మార్ఫీ ఒకవైపు, బ్రన్స్‌విక్ డ్యూకూ ఒక కౌంటూ కలిసి మరోవైపు. ఎనిమిదో ఎత్తుకు మార్ఫీ మంత్రి బి3లో ఉంది, బి7లో నల్ల బంటు చేతికందేంత దూరంలో ఉంది. తినవచ్చు. తింటే నల్ల మంత్రి బి4లో చెక్ చెప్పి మంత్రులను మార్చేస్తుంది. బంటు మిగులుతుంది, ఆట బహుశా గెలుపే. మార్ఫీ తినలేదు. గుర్రాన్ని సి3కి తెచ్చాడు, ఆ తరువాత శకటును జి5కు తెచ్చాడు, నల్లవాళ్ళు మంత్రితోనూ బంట్లతోనూ వంతులు గడుపుతుంటే తన బలగాన్నంతా ముందుకు నడిపాడు. గుర్రం, ఏనుగు, చివరికి మంత్రి కూడా ఇచ్చేసి 17వ ఎత్తులో ఏనుగుతో కట్టాడు. అప్పటికి నల్లవైపు రాజు పక్కనున్న శకటు, దాని అవతలి ఏనుగు ఒక్కసారైనా కదలలేదు. బంటు ఇచ్చి వంతు కొనడమూ, బంటు వద్దని వంతు నిలుపుకోవడమూ ఒకే లెక్క. మొదటిది నేర్చుకుని రెండోది నేర్చుకోనివాడు గాంబిట్ ఆడగలడు గాని దాన్ని అర్థం చేసుకోలేదు.

మా తాతగారి ఆటలో ఈ తొందర లేదు. ఆయన అరుగు మీద ఆడిన నాటు చదరంగంలో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే నడిచేది, కోట కట్టడం లేదు, రాజుకు మాత్రం ఒకే ఒక్కసారి గుర్రంలా దూకే హక్కుండేది. రెండు సైన్యాలు కలుసుకోవడానికే పది పన్నెండు ఎత్తులు పట్టేది. అంత నెమ్మదిగా సాగే ఆటలో ఒక వంతు ముందున్నా వెనకున్నా పెద్ద తేడా ఉండదు. బంటు పోతే పోయినట్టే. నేను కాలేజీ నుంచి వచ్చి బంటును ఊరికే ఇస్తుంటే ఆయన, చదువుకుని మతి పోగొట్టుకున్నాడని బామ్మతో అనేవారు. ఆయన నియమాల ప్రకారం ఆ మాట తప్పు కాదు. బంటుకు రెండు గళ్ళ నడక వచ్చాకనే వంతుకు అంత ధర పలికింది.

ఇంతవరకూ చెప్పినదానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, అది నా వాదాన్ని కొంత ఇబ్బంది పెడుతుంది కూడా. పాల్ బెంకో పేరుతో చెలామణీ అయ్యే గాంబిట్‌లో నల్లవాడు మూడో ఎత్తులోనే బి5 అని బంటు ఇస్తాడు, తరువాత ఎ6 అని ఇంకోటి అందిస్తాడు, కానీ ఏ తొందరా పడడు. దాడి ఉండదు, రాజు మీదికి పోవడం ఉండదు. ఎ, బి వరసలు రెండూ ఖాళీ అవుతాయి, ఏనుగులు వాటిలో దిగుతాయి, జి7లో కూర్చున్న శకటు పొడవాటి కర్ణం మీద చూస్తూ ఉంటుంది, తెల్లవాడి ఎడమవైపు బంట్లు ఆటంతా ఈ ఒత్తిడి కింద నలుగుతూనే ఉంటాయి. మంత్రులు మారిపోయినా ఆ ఒత్తిడి తగ్గదు. వంతు వాడకపోతే పోతుందని చెప్పాను. ఇక్కడ ఇరవై ఎత్తుల తరువాత కూడా బంటుకు తగిన విలువ బల్ల మీదే ఉంటుంది. ఎందుకంటే నల్లవాడు కొన్నది ఒక రాత్రి నీళ్ళు కాదు, కాలువనే కొన్నాడు. రష్యావాళ్ళు ఈ గాంబిట్‌కు తమ వోల్గా నది పేరు పెట్టుకున్నారు. ఒక నది పేరు మోస్తున్న గాంబిట్ ఇలా నిదానంగా, విడవకుండా పారడం నాకు ఎంతో సముచితంగా తోస్తుంది. మంత్రి పక్క బంటును ఇచ్చే క్వీన్స్ గాంబిట్ గురించి ఇక్కడ మాట్లాడను. నల్లవాడు ఆ బంటును పట్టుకుని వేలాడితే ఏదో ఒక పావు పోగొట్టుకుంటాడు, వదిలేస్తే తెల్లవాడు తిరిగి తీసుకుంటాడు, కనుక అది పేరుకే గాంబిట్.

నా మాటకు ఎదురుచెప్పేవాళ్ళు రెండు రకాలు. మొదటివారు కంప్యూటర్‌ను చూపిస్తారు. రాజు పక్కనున్న ఎఫ్ బంటును ఇచ్చే కింగ్స్ గాంబిట్ వేయగానే యంత్రం తెల్లవాడికి మార్కులు తగ్గిస్తుంది, కనుక అది తప్పు, తప్పును పిల్లలకెందుకు నేర్పుతారని అడుగుతారు. యంత్రం లెక్కను నేను కాదనను. 1960లో అర్జెంటీనాలో స్పాస్కీ చేతిలో కింగ్స్ గాంబిట్‌కు ఓడిన బాబీ ఫిషర్, మరుసటి ఏడాది ఆ గాంబిట్ పని అయిపోయిందని నిరూపిస్తూ ఒక వ్యాసం రాశాడు. 1963లో అమెరికా జాతీయ పోటీలో తానే దాన్ని కొద్దిగా మార్చి ఆడి గెలిచాడు. అంతటివాడికే రాసిన లెక్క వేరు, బల్ల దగ్గరి లెక్క వేరు అయినప్పుడు, పాలకొల్లు పిల్లలకు అర మార్కు తేడా ఏమి అడ్డం? పైగా 2017లో ఆల్ఫాజీరో అనే యంత్రం బయటికి వచ్చినప్పుడు అందరూ ఆశ్చర్యపడినది, అది బంట్లను ఇచ్చేసి వాటి బదులు చోటునూ చలనాన్నీ పెట్టుకుని, నిదానంగా స్టాక్‌ఫిష్ అనే మరో చదరంగ యంత్రాన్ని నలపడం చూసే. యంత్రాలు గాంబిట్‌ను చంపేశాయనే మాట సగమే నిజం.

రెండోవారితోనే నా అసలు పేచీ. పిల్లలకు ఏ ప్రమాదమూ లేని ఒకే ఆరంభం నేర్పి, ప్రతి ఆటలోనూ అవే గళ్ళలో అవే పావులు పెట్టించే శిక్షకులు ఇప్పుడు ఎక్కువయ్యారు. తొమ్మిదేళ్ళలోపు పోటీల్లో వాళ్ళ పిల్లలకు పాయింట్లు వస్తాయి, తల్లిదండ్రులు సంతోషిస్తారు. ఆ పిల్లలు పదమూడేళ్ళకు వచ్చేసరికి, ఏ ఎత్తు ఎందుకు వేశావని అడిగితే ఎప్పుడూ అదే వేస్తానండీ అంటారు. వారికి వంతు విలువ తెలియదు, ఎందుకంటే దాన్ని ఎన్నడూ కొనలేదు. డబ్బిచ్చి కొన్నవాడికే సరుకు ధర తెలుస్తుంది. పిల్లవాడు మొదటి రెండేళ్ళూ ఇవాన్స్, డేనిష్, స్కాచ్ గాంబిట్‌లు ఆడి ఓడిపోవాలి; ఓడిపోయిన ప్రతిసారీ బంటు ఎన్నో ఎత్తులో పోయింది, దానికి ఏ వంతులు వచ్చాయి, అవి ఎక్కడ ఖర్చయ్యాయి అన్నది కాగితం మీద పెట్టాలి. మా అరుగు మీద దీనికి వేరే నోటుబుక్కు ఉంది. పదో ఎత్తు అయ్యాక ఆట ఆపి, ఇరువైపులా మొదటి వరస విడిచి వచ్చిన పావులెన్ని, రాజు కోటలో ఉన్నాడా లేడా, ఒకే పావు ఎన్నిసార్లు కదిలింది అని రాయిస్తాను. ఆట మధ్యలో ఆపుతున్నందుకు పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.

ఎంగ్లుండ్ కుర్రవాడు మూడు వారాలుగా ఇవాన్స్ ఆడుతున్నాడు. మొన్న ఆదివారం వాడికి ఎదురుగా కూర్చున్నది వాడికన్నా చిన్నది, ఆరో తరగతి అమ్మాయి, మాట తక్కువ. వాడు బి4 అన్నాడు, ఆమె తిన్నది. సి3 అంటే శకటును ఎ5కు తీసుకుపోయింది. డి4 అంటే డి6 అన్నది. వాడు కోట కట్టగానే, నేను నేర్పకుండానే, శకటును బి6కు తగ్గించింది. వాడు సంబరంగా ఇ5లో బంటును తిన్నాడు, ఆమె తిరిగి తిన్నది, మంత్రులు మారాయి, గుర్రంతో ఇంకో బంటును తీసుకుని ఇచ్చిన బంటును రాబట్టుకున్నాడు. ఆమె శకటును ఇ6కు తెచ్చింది. వాడు అక్కడ ఆగిపోయాడు.

"మాస్టారూ, నా బంటు నాకు వచ్చేసింది కదండీ" అన్నాడు బల్ల మీది నుంచి కళ్ళు ఎత్తకుండా. "మరి ఆట బాగోలేనట్టు ఉందేంటండీ?"

నేను నోటుబుక్కు వాడి వైపు జరిపాను. వాడు పెన్సిల్ తీసి, మొదటి వరస విడిచిన పావులను వేలితో తాకుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తెల్లవైపు లెక్క అయ్యాక నల్లవైపుకు వచ్చాడు, ఆమె శకట్ల దగ్గర కాసేపు తడబడి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఆ అమ్మాయి గడియారం వంక చూసి, "నీ వంతు" అన్నది.